నేను రాసుకున్న గంటలు

మంగళవారం ఉదయం పది గంటలకు ఆమె మా కేర్ హోమ్‌కు వచ్చేది. ఆమె వచ్చేలోగా రెండో అంతస్తులోని పెద్దాయనను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కడిగించి, కిటికీ పక్క బల్ల దగ్గరికి తీసుకురావడం నా పని. తెచ్చి, కుర్చీకి బ్రేకు వేసి, పక్కకు తప్పుకోవాలి. ఆ తర్వాత ముప్పావుగంట సేపు ఆ బల్ల దగ్గర జరిగేదాన్ని చికిత్స అంటారు. మిగిలిన వారమంతా అదే బల్ల దగ్గర, అదే మనిషితో నేను చేసేదాన్ని కాలక్షేపం అంటారు.

మా ఇద్దరిదీ ఒకటే చదువు. ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ. నాది తెలంగాణలో, ఆమెది కోస్తాలో. ఆమెకంటే ఆరేళ్ళ ముందు నేను పట్టా పుచ్చుకున్నాను. పక్షవాతం వచ్చిన చెయ్యి మళ్ళీ చెంచా పట్టుకునేలా, మతిమరుపు ముదిరిన మనిషి తన చొక్కా తానే తొడుక్కునేలా, దిగులులో కూరుకుపోయినవాడు మళ్ళీ ఏదో ఒక పనిలో చెయ్యి పెట్టేలా చేసే విద్య అది. ఆటా పాటా ఇంటిపనీ దాని మందులు. జర్మనీలో ఆ వృత్తి పేరు చెప్పుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. అనుమతి లేనివాడు ముసలివాళ్ళకు బంతి విసరవచ్చు, పాట పాడించవచ్చు, యాపిల్ పండ్లు కోయించవచ్చు. దాన్ని థెరపీ అనకూడదు, తనను థెరపిస్టు అని చెప్పుకోకూడదు. ఆమె చొక్కా మీది బిళ్ళలో ఆ మాట ఉంది. నా బిళ్ళ మీద 'తోడుగా ఉండే సిబ్బంది' అని అర్థమొచ్చే జర్మన్ మాట ఉంది.

ఈ తేడా అంతా ఒక కాగితంలో ఉంది. అది ఆమెకు వచ్చింది, నాకు రాలేదు. రెండేళ్ళపాటు నా బతుకులో అంతకంటే పెద్ద విషయం లేదు. నేను పత్రికలకు వ్యాసాలు రాస్తాను. జాతకాల మీద, వాస్తు మీద, మంత్రగాళ్ళ మీద, మర్యాద పేరు చెప్పి ఆడవాళ్ళ నోరు నొక్కే పెద్దమనుషుల మీద రాశాను. అసూయ మీద ఎప్పుడూ రాయలేదు. ఆలోచించడం చేతకానివాళ్ళ జబ్బు అది అనుకునేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది నా సొంత కేసు షీటు.

నా భార్యకు స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆమె బ్లూ కార్డు వీసా వెంట నేను వచ్చాను. భార్య కొంగు పట్టుకుని వెళ్తున్నాడని మా చుట్టాలు నవ్వితే వాళ్ళకు గట్టిగానే జవాబు చెప్పాను. ఆడది ముందు నడిస్తే మగవాడి కాలికి ఏమీ ముల్లు గుచ్చుకోదని ఒక వ్యాసం కూడా రాశాను. ఎస్-బాన్ రైల్లో నలభై నిమిషాల దూరంలో ఇల్లు దొరికింది. భాష పరీక్షలు రెండు పాసయ్యాను. చిన్న కోర్సు ఒకటి చేస్తే కేర్ హోమ్‌లో ఈ తోడు ఉద్యోగం ఇచ్చారు. డిగ్రీకి గుర్తింపు వచ్చేదాకా మాత్రమే ఇది, అని మొదటిరోజే పై అధికారిణికి చెప్పాను. ఆవిడ మర్యాదగా తలూపింది.

మంగళవారాలు వచ్చే ఆ థెరపిస్టు నాకు పరిచయమైంది ఊళ్ళో మనవాళ్ళు ఒక హాలు అద్దెకు తీసుకుని చేసిన వినాయక చవితి నాడు. నేను పూజకు వెళ్ళను. పూజ అయిపోయి భోజనాలు మొదలయ్యే వేళకు వెళ్తాను. దీని మీద నా భార్య వేసే జోకులు చాలా ఉన్నాయి. ఆ రోజు పులిహోర వడ్డిస్తున్న ఒక అమ్మాయి, చేతికి ఎర్రదారం, నుదుట కుంకుమ, నా చదువు సంగతి ఎవరి దగ్గరో విని చేతిలో గరిటెతోనే నా దగ్గరికొచ్చింది.

"మీరూ ఓటీయేనా అన్నయ్య గారూ? ఈ దేశంలో నేనొక్కదాన్నే అనుకున్నానండీ."

నాకు సంతోషం వేసింది. సీనియర్‌ను కదా. గుర్తింపు కోసం ఏయే కాగితాలు కావాలో, ఏవి అనువాదం చేయించాలో, కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకుడు ఎక్కడ ఉంటాడో అన్నీ చెప్పాను. చట్టం దేశమంతటికీ ఒకటే అయినా ఫైలు చూసే కార్యాలయం రాష్ట్రానికొకటి ఉంటుంది. కొలోన్‌లో ఉన్నవాళ్ళకు త్వరగా వస్తుందట, కాట్‌బస్ వైపు ఇంకా త్వరగా వస్తుందట అని మా వాట్సాప్ గ్రూపులో రోజూ వాదనలు. అవన్నీ పుకార్లమ్మా, నమ్మకు, కాగితాలు సరిగ్గా ఉంటే ఎక్కడైనా వస్తుంది, అని చెప్పాను. ఇద్దరం ఒకే నెలలో దరఖాస్తు పెట్టాం.

ఆ కాగితాలన్నింటిలో గడ్డుది ఒకటుంది. కాలేజీలో ఏ విషయం ఎన్ని గంటలు చదివామో, ఏ ఆసుపత్రి విభాగంలో ఎన్ని గంటలు రోగులతో పనిచేశామో విడివిడిగా చూపించే పట్టిక. కాలేజీ వాళ్ళు సంతకం పెట్టి ముద్ర వేయాలి. నేను మా కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి క్లర్కు చాలా సాయం చేసే మనిషి.

"గంటల లెక్క మా దగ్గర యాడుంటది సారూ? మీకెన్ని గావాల్నో మీరే టైప్ చేస్కొని మెయిల్ కొట్టుండ్రి. సంతకం, స్టాంపు నేను జేపిస్త."

ఇలా చేయించుకున్నవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో చదువుతున్న మీకే తెలుసు. నేను జర్మన్ చట్టం తెరిచి, అందులో ఏ విభాగానికి ఎన్ని గంటలు అడిగారో చూసి, ప్రతి వరుసలోనూ దానికంటే ఇరవై గంటలు ఎక్కువ వేశాను. తప్పు చేస్తున్నాననిపించలేదు. ఆ చదువు చదివాను, పరీక్షలు పాసయ్యాను, పట్టా నిజమైనది. గంటలు ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే. లెక్కపెట్టనిదాన్ని లెక్కగట్టి చూపమంటే మనిషి ఏంచేస్తాడు? ఇదే వాదన ఆమెకూ చెప్పి, కాలేజీ వాళ్ళ చుట్టూ తిరిగి టైమ్ వేస్ట్ చేసుకోకు, నువ్వే టైప్ చేసి పంపు అన్నాను. అలాగే అన్నయ్య గారూ, చూస్తాను, అంది.

ఐదు నెలలకు ఆమెకు బెషైడ్ వచ్చింది. అంటే నిర్ణయం తెలిపే ఉత్తరం. ఒక మానసిక చికిత్సా క్లినిక్‌లో ఆరు నెలలు పర్యవేక్షణలో పనిచేస్తే చాలు, అనుమతి ఇస్తామన్నారు. స్వీట్ డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చి చెప్పింది. ఆ రోజు నాకు బాధ కలగలేదు. పైగా కొంచెం తృప్తిగా ఉంది. ఆమెలో లోటు కనిపెట్టారు కదా, నా పట్టికలో ఏ వరుసలోనూ లోటు లేదు, నాకు నేరుగా అనుమతే వస్తుంది, అనుకున్నాను. బూందీ లడ్డు రెండోది కూడా తీసుకున్నాను.

నాకు వచ్చిన ఉత్తరం వేరు. మరిన్ని వివరాలు పంపమన్నారు. ప్రతి విభాగానికీ తేదీలు కావాలట. తేదీలు పంపాను. ఆసుపత్రుల పేర్లు, పర్యవేక్షకుల సంతకాలు అడిగారు. కొన్ని పంపాను, కొన్నిటికి ఆ డాక్టర్లు రిటైరయ్యారని రాశాను. మళ్ళీ ఉత్తరం. ఈ ఉత్తరాల మధ్య ఆమె ఆరు నెలలూ గడిచిపోయాయి. అనుమతి వచ్చింది. దగ్గర్లోని ఒక థెరపీ సెంటర్‌లో చేరింది. ఆ సెంటర్ ఆమెను పంపిన చోట్లలో మా కేర్ హోమ్ ఒకటి.

అప్పటినుంచి నాలో ఏం జరిగిందో దాచకుండా చెప్పాలి. ఆమె బిళ్ళ చూడకుండా ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ణి. ఆమె జర్మన్‌లో తప్పులు వెతికేవాణ్ణి. దొరికేవి. ఇంటికొచ్చి భార్యకు చెప్పేవాణ్ణి. మంగళవారం ఆమె ఉపవాసం. ఆంజనేయస్వామి పేరు మీద ఒంటిపూట తింటుంది. తిండి మానేస్తే లైసెన్సు వస్తుందని తెలిస్తే నేనూ మానేసేవాణ్ణే అని ఒకసారి ఆమె ముందే అన్నాను. ఆమె నవ్వి, మీరు మానేస్తే వదిన గారికి వంట పని తగ్గుతుందండీ, అంది. మా ఇంట్లో వంట నాది. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలియకపోవడం కూడా నాకు కోపం తెప్పించింది.

ఇక ఆ పెద్దాయన సంగతి. ఆయన నలభై ఏళ్ళు యంత్రాలు బిగించే ఫిట్టర్‌గా పనిచేసినవాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. బెలూన్ ఆట ఆడిస్తే మమ్మల్ని చంపేసేలా చూసేవాడు. పాటల గుంపులో కూర్చోబెడితే కళ్ళు మూసుకునేవాడు. నేను ఒక శనివారం హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళి లావుపాటి బోల్టులు, నట్లు కొని తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఎడమచేత్తో ఒకటి తీసుకున్నాడు. కాసేపటికి కుడిచెయ్యి వచ్చి బోల్టును ఆపి పట్టింది. అంత మాత్రమే. ఆ విద్య చదివినవాడికి ఆ చిన్న కదలికలో ఏముందో తెలుస్తుంది.

మూడోరోజు పై అధికారిణి చూసింది. పక్కకు పిలిచి మెత్తగా చెప్పింది. పక్షవాతం తర్వాత చేతికి చేయించే అభ్యాసం డాక్టరు చీటీ మీద థెరపిస్టు చేయాలి, ఆయన నట్టు మింగితే ఎవరు జవాబుదారీ, మీరు పాటలు బాగా పాడిస్తారు, అవి చూసుకోండి, అంది. నియమం ప్రకారం ఆవిడ చెప్పినదానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బోల్టులు సంచిలో వేసి ఇంటికి తీసుకెళ్ళాను. డాక్టరు చీటీ రాశాడు. చీటీ మీద ఆమె వచ్చింది.

రెండో మంగళవారం ఆమె బ్యాగులోంచి ఒక చెక్కపలక తీసి బల్ల మీద పెట్టింది. దానికి నాలుగు వరుసల్లో బోల్టులు బిగించి ఉన్నాయి. వాటి మీద నట్లు. పెద్దాయన రెండు చేతులూ బల్ల మీదికి వచ్చాయి. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అయ్యాక నడవాలో ఆపి, ఆ ఆలోచన ఎక్కడిది అని అడిగాను.

"క్లినిక్‌లో చేసేవాళ్ళం అన్నయ్య గారూ. ఇవన్నీ కార్ల ఊళ్ళు కదా, నట్టు కనపడితే ఇక్కడి తాతగార్ల చెయ్యి ఊరుకోదు."

నా నుంచి దొంగిలించి ఉంటే ఎంత బాగుండేది! దొంగ మీద అసూయ పడనక్కరలేదు, ద్వేషిస్తే సరిపోతుంది. ఆమెకు నా బోల్టుల సంగతే తెలియదు. తనంతట తానే అక్కడికి చేరింది. పెద్దాయన గదికి వెళ్ళేముందు ఆమెతో ఒక మాట అన్నాడు. బాగుంది, అని. నాతో ఎన్నడూ ఒక్క మాట కూడా అనలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రాష్ట్ర కార్యాలయానికి ఒక ఉత్తరం రాశాను. మా దేశంలో కొన్ని కాలేజీలు విద్యార్థులే తయారుచేసిన గంటల పట్టికలకు ముద్ర వేస్తాయని, ఫలానా కాలేజీ నుంచి వచ్చిన పట్టికలను తిరిగి పరిశీలించడం ప్రజల ఆరోగ్యం దృష్ట్యా అవసరమని, వృత్తి గౌరవం కోరే మనిషిగా ఈ సందేహం తెలియజేస్తున్నానని రాశాను. ఆమె పేరు రాయలేదు. ఆమె కాలేజీ పేరు రాశాను. ఈ రాష్ట్రంలో ఆ కాలేజీ నుంచి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే అని నాకు తెలుసు. ఉత్తరం చాలా బాగా కుదిరింది. పాత రోజుల్లో మంత్రగాళ్ళ మీద రాసిన కరపత్రాల్లోని బిగి అంతా అందులోకి వచ్చింది. జర్మన్ వ్యాకరణం సరిచూడమని నా భార్యకు ఇచ్చాను. ఆమె నాకంటే బాగా రాస్తుంది.

చదివింది. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివింది.

"సందేహమని మొదలువెట్టినవ్, ఫిర్యాదు చేసి వదిలిపెట్టినవ్. సరే గనీ, నువ్వే టైప్ చేసుకో అని ఆ పిల్లకు చెప్పిందెవరు?"

"నేనే."

"గది గూడ రాయి. అప్పుడు జర్మన్ దిద్దుత."

నేను వాదించాను. నిజం ఎవరి సొత్తూ కాదన్నాను. చెప్పినవాడి మనసులో ఏముందో చూసి నిజం విలువ కట్టకూడదన్నాను. ఈ మాటలు తర్కంగా సరైనవే, ఇప్పటికీ అంటాను. ఆమె అంతా విని, నిజం మీద అంత ప్రేముంటే ముందు పోయి ఆ పిల్లనే అడుగు, నాలుగు స్టాపుల దూరం గూడ లేదు, అంది. ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టి బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయింది.

మంగళవారం అడిగాను. సిబ్బంది వంటగదిలో ఆమె ఉపవాసం పండు, ఒక నారింజ, ఒలుచుకుంటోంది. నేను కాఫీ కలుపుతున్నట్టు నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు, గంటల కాగితం నేను చెప్పినట్టే టైప్ చేసి పంపావా అమ్మా, అని అడిగాను. ఔనంటే ఏంచేయాలో ఆదివారమే నిర్ణయించుకున్నాను.

"టైప్ చేశానండీ. మా ప్రిన్సిపల్ మేడం సంతకం కూడా పెట్టేశారు. తీరా చేతికొచ్చాక భయమేసింది. మా కాలేజీకి మెంటల్ హాస్పిటల్‌తో టై-అప్పే లేదు అన్నయ్య గారూ. బస్సులో తీసుకెళ్ళి ఒక వారం చూపించి తీసుకొచ్చేశారు. దానికి అన్ని వందల గంటలని ఎలా ఇస్తాను?"

"మరి ఏంచేశావు?"

"చింపేశాను. ఉన్నదున్నట్టు మళ్ళీ రాయించాను, సైకియాట్రీ ఒక వారం అని. టెర్మిన్‌లో ఇక్కడి ఆఫీసు మేడం చూసి, సరే, ఇదొక్కటీ ఇక్కడ నేర్చుకో అంది. అందుకే క్లినిక్‌లో ఆరు నెలలు వేశారు."

నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పెద్దవారు, మీరు చెప్పింది విననందుకు ఏమనుకుంటారో అనిపించింది. అయినా మీకు భయమేముందండీ? మీరు సైకియాట్రీ మూడు నెలలూ చేసే ఉంటారుగా."

నారింజలో సగం నాకిచ్చి, తర్వాతి ఇంటికి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది.

నేను మూడు నెలలు చేయలేదు. ఎందుకు చేయలేదో చెబితే నవ్వు వస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో మానసిక ఆసుపత్రి పోస్టింగ్ వచ్చిన ఆ వేసవిలో, మా సంస్కరణ సంఘం దయ్యం వదిలించే మంత్రగాళ్ళకు వ్యతిరేకంగా ఊరూరా ప్రచారం పెట్టింది. నేను మంచి వక్తను. రెండు వారాలు ఆసుపత్రికి వెళ్ళి, హాజరు సంగతి స్నేహితుడికి అప్పగించి, ప్రచారానికి వెళ్ళిపోయాను. దయ్యం లేదు, అది మనసుకు వచ్చే జబ్బు, ఆ మనిషిని కొట్టకండి, ఆసుపత్రికి పంపండి, అని మైకులో గొంతు పోయేదాకా చెప్పాను. ఒక ఊళ్ళో మంత్రగాణ్ణి జనం ముందు నిలబెట్టి అడిగాను: వైద్యం చేస్తానంటున్నావు, నీ చదువేది, ఎక్కడ నేర్చుకున్నావు, ఎవరి దగ్గర ఎన్నాళ్ళు పనిచేశావు, లైసెన్సేది? జనం చప్పట్లు కొట్టారు. ఆసుపత్రికి పంపండని నేను చెప్పిన మనుషులు ఆ ఆసుపత్రిలోనే ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చోవలసిన మూడు నెలలూ నేను వాళ్ళ గురించి ఉపన్యాసాలు ఇచ్చాను.

ఆ ప్రచారం తప్పని అనను. ఆ ఊళ్ళలో దెబ్బలు తప్పించుకున్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కానీ జర్మనీలో ఒక కార్యాలయం నన్ను అడుగుతున్నది, నేను ఆ మంత్రగాణ్ణి అడిగిన ప్రశ్నే. ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు? దానికి నేను అబద్ధపు అంకె చెప్పి, రెండేళ్ళుగా ఆ ప్రశ్న అడిగినవాళ్ళ మీద మండిపడుతున్నాను. మా చర్చా వేదికలో ఒక కట్టుబాటు ఉండేది. ఎదుటివాడి వాదాన్ని వాడే ఔనని ఒప్పుకునేంత బాగా చెప్పగలిగాకే దాన్ని ఖండించాలి. వంటగదిలో నిలబడి ఆ కార్యాలయం వాదం చెప్పుకుని చూశాను. ఖండించడానికి ఏమీ మిగల్లేదు.

సిగ్గు పడ్డానని రాస్తే అందంగా ఉంటుంది. సిగ్గు పడ్డాను కూడా. దానికంటే ముందు వచ్చింది అసూయే. నిజం నా రంగం. దేవుడికి దండం పెట్టుకుని నిజం చెప్పేవాళ్ళు భయంతో చెబుతారని, ఎవరికీ భయపడకుండా చెప్పేది మేమేనని వేదికల మీద అన్నాను. ఆమె భయంతోనే చెప్పింది, తానే అంది ఆ మాట. చెప్పి, నా కంటే ముందు వెళ్ళిపోయింది. ఉత్తరం చింపేశాను. దాని మీద ఆమె కాలేజీ పేరు ఉన్న ముక్కను ఇంకా చిన్నగా చింపాను.

ఆ కార్యాలయంలో టెర్మిన్, అంటే కలవడానికి సమయం, దొరకడానికి ఆరు వారాలు పట్టింది. నా ఫైలు చూసే అధికారిణి యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు గొలుసుకు వేలాడుతుంటాయి. నా పట్టికను, చట్టంలోని పట్టికను పక్కపక్కన పెట్టి ఉంచింది. నేను నోరు తెరిచేలోపే, ప్రతి వరుసలో సరిగ్గా ఇరవై గంటలే ఎందుకు ఎక్కువున్నాయో చెప్పగలరా అని అడిగింది. ఇన్నేళ్ళలో చాలా దేశాల కాలేజీల కాగితాలు చూశానని, మా చట్టం ముందే చదివి దాని ప్రకారం పాఠాలు చెప్పిన కాలేజీ ఇదొక్కటేనని అంది. ముఖంలో నవ్వు లేదు.

ఈ గంటలు నేనే రాసుకున్నాను, అని చెప్పాను. జర్మన్‌లో చెప్పడానికి చాలా చిన్న వాక్యం అది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. అప్పుడు మానసిక ఆసుపత్రి మూడు నెలల సంగతి కూడా చెప్పాను, రెండు వారాలేనని. మిగతా రోజుల్లో ఏంచేశారని ఆవిడ అడగలేదు. నేను చెప్పబోయాను. ఆ ప్రచారం, ఆ ఊళ్ళు, ఆ మంత్రగాడు అన్నీ నాలుక మీదికి వచ్చాయి. చెబితే అది మళ్ళీ ఒక ఉపన్యాసం అవుతుందని ఊరుకున్నాను. తప్పుడు పత్రం ఇస్తే దరఖాస్తు తిరస్కరించవచ్చని, మీరే వచ్చి దిద్దారన్నది ఫైల్లో రాస్తానని, కొత్త పట్టిక వచ్చేదాకా ఫైలు పక్కన ఉంటుందని చెప్పింది. రాసింది. ఏం రాసిందో బల్లకు ఇవతలినుంచి చదవడానికి ప్రయత్నించాను, కుదరలేదు.

కాలేజీ క్లర్కుకు మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి అంకెలు నేను పంపను, హాజరు రిజిస్టరు తీసి ఉన్నవి ఉన్నట్టు రాయమన్నాను.

"ఉన్నదున్నట్టా? గిన్నేండ్లల్ల గట్ల అడిగినోడు ఒక్కడు లేడు సారూ. ఏమన్న కేసయిందా?"

కేసేమీ లేదన్నాను. బీరువాలన్నీ వెతకాలి, దుమ్ము మస్తుగుంటది, అన్నాడు. వెతికాడు పాపం. రిజిస్టర్లో మానసిక ఆసుపత్రి వరుసలో నాకు మూడు నెలలూ హాజరే ఉంది. నా స్నేహితుడు అంత నమ్మకస్తుడు. ఆ వరుస పక్కన 'రెండు వారాలు' అని నా సంతకంతో నేనే రాసి, అనువాదం చేయించి పంపాను.

బెషైడ్ పోయిన నెల వచ్చింది. తిరస్కరించలేదు. మానసిక చికిత్సా క్లినిక్‌లో పర్యవేక్షణలో పనిచేసి, చివర ఒక మౌఖిక పరీక్ష ఇవ్వాలి. కవరు చింపగానే నా కళ్ళు వెతికింది ఒక్కటే, నెలల సంఖ్య. ఆమెకు ఆరు. నాకు పది. వృత్తి పునరావాస విభాగంలో కూడా నా గంటలు చాలవన్నారు, నిజం గంటలు చూస్తే చాలవు మరి. నాలుగు నెలల తేడాను వంటగదిలో నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను. పది నెలలంటే వచ్చే ఏడు ఇదే సమయానికి నీ బిళ్ళ మీద కూడా ఆ పేరుంటది, అని నా భార్య అంది. ఆమెకు ఆరే, అన్నాను. నా భార్య బియ్యం గిన్నె నా చేతిలో పెట్టింది, కడగమని.

ఆమెను పంపిన క్లినిక్‌కే నన్నూ పంపారు. సోమవారం చేరాలి. శనివారం ఉదయం నేను చేసిన పని ఆ టెర్మిన్‌కు వెళ్ళడం కంటే కష్టమైంది. ఆమెకు ఫోన్ చేసి, మొదటిరోజు వార్డులో ఏంచేయాలో చెప్పమని అడిగాను. వెనక వాళ్ళ పిల్లవాడు జర్మన్‌లో ఏదో పేచీ పెడుతున్నాడు. వాణ్ణి ఊరుకోబెట్టి, అక్కడి రోగులు ఎలా ఉంటారో, సిస్టర్లలో ఎవరిని అడిగితే పని అవుతుందో, చేతిపని గది తాళం ఎక్కడుంటుందో వరసగా చెప్పింది. చివర కాస్త ఆగి అంది.

"ఇంకొకటి అన్నయ్య గారూ. మొదటి వారం ఎవరికీ ఏమీ చెప్పబోకండి. పక్కన కూర్చుని వాళ్ళు చేసే పనే మీరూ చెయ్యండి. మీకది కొంచెం కష్టం, అందుకని చెబుతున్నా."

రాసుకున్నాను. రాసుకుంటూ కూడా ఆమె గొంతులో ఎక్కడైనా గర్వం తగులుతుందేమోనని చెవి పెట్టి విన్నాను. తగల్లేదు. తగిలి ఉంటే నాకు హాయిగా ఉండేది.